పక్కింటి చెమ్మ, మా ఇంటి రేటు

ఏంటి సార్, బ్యాంకు వాళ్లు ఇంటి విలువ కట్టమని పంపితే, గోడ తట్టి చూడకుండానే ఫారం మీద అంకె వేసేస్తారా? ఇటు రండి. ఈ గోడ మా నాన్న దగ్గరుండి కట్టించాడు. కొట్టండి, గట్టిగా! చెయ్యి నొప్పెట్టిందా? పెడుతుంది మరి!

పక్కిల్లు ఎంతకి పోయిందో దాన్నిబట్టే వెయ్యాలా? భలే రూలు సార్! పక్కింటాయనకి జ్వరమొస్తే నాకు సూది పొడుస్తారా?

ఆ, ఆ ఇల్లే. పాత ఇళ్లు కొని, సోకులు చేసి అమ్మేవాడొకడు కొన్నాడు. మేకప్ మేస్త్రి అంటాం వాణ్ని. నలభై రోజులు, అంతే! పగిలిన టైల్స్ మీదే కొత్త టైల్స్. చెమ్మ గోడకి చెక్క కొట్టి, దానిమీద అడవి బొమ్మ కాగితం. మొదటి వానకే అడవి ఉబ్బింది సార్! బాత్రూము నీళ్లు జాలీని వదిలేసి హాల్లోకి షికారొస్తాయి.

ఇల్లు సరుకు కాదు, మనిషి హక్కు! గూడుని జూదం చేసే పెట్టుబడి నశించాలి! నవ్వకండి. మీటింగుల్లో నేను ఈ మాటలంటే చప్పట్లు కొడతారు.

వాడి దగ్గర కొన్న టీచరమ్మ ఏడాది కూడా ఉండలేక, వచ్చినకాడికి అమ్ముకుని పోయింది. ఆ రేటు తెచ్చి మా నెత్తిన పెడుతున్నారు. మా అక్క కుట్టు దుకాణం ఈ లోను మీదే ఆధారపడి ఉంది సార్. గదికి అడ్వాన్సు కూడా ఇచ్చేసింది. మీరు వేసిన అంకెకి రెండు మిషన్లు కూడా రావు.

ఏంటీ? ఆ టీచరమ్మకి ముందే ఎవరూ చెప్పలేదా అనా?

తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి. అక్క లోపలే ఉంది.

చెమ్మ సంగతి వీధంతటికీ తెలుసు. ఆవిడ కొనేముందు ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ ఇల్లు ఎక్కువకి పోతే మన ఇళ్లూ అదే రేటు పలుకుతాయి కదా! ఆ కిటుకు వీధికి నేర్పిందెవరనుకున్నారు? నేనే. నాలుగు పుస్తకాలు చదివినవాణ్ని, నా మాట విన్నారు.

చివరికి గేటు దగ్గర నన్నే అడిగింది. “కళ్లు మూసుకుని కొనెయ్యండి టీచర్ గారూ” అన్నాను. “చదువుకున్నవాడివి, నీ మాట చాలు బాబూ” అని సంతోషంగా వెళ్లింది.

సరే, ఆ అంకె అలాగే ఉంచండి. అక్క అడిగితే మాత్రం, మార్కెట్టే పడిపోయిందని చెప్పండి సార్.