ఎడమ దిక్కు దర్వాజ

నందినక్కా, నువ్వు నమ్మవు. నమ్మితే నా బ్యాట్ నీకిచ్చేస్త, పో.

మన రెండిండ్ల నడుమ గోడ ఉంది గద, మన నాయినల బోర్ నీళ్ల లొల్లప్పుడు హాలు నడుమల సిమెంట్ ఇటుకలతోని కట్టింది. నువ్వు హాస్టల్ల కూసున్నవ్ గని, ఇయ్యాల దానికెంత పెద్ద బొక్క పడ్డదో తెల్సా? ఆటో పోతది అందులకెల్లి.

ఆ నవ్వుడు బొమ్మలు ఆపు. ముందు విను.

నానమ్మ ఒక నెల మీ దిక్కు, ఒక నెల మా దిక్కు ఉంటది గద. మొన్న రోడ్డు చుట్టు తిరిగి మా ఇంట్లకు వస్తుంటె కాలు జారింది. ఫికర్ జెయ్యకు, దవాఖానకు గూడ పోలే. గని గోడకు దర్వాజ పెట్టేదాంక అన్నం ముట్టనన్నది. ముట్టలే గూడ. చాయ్‌ల బిస్కెట్లు మాత్రం మస్తు ముంచుకున్నది.

కొడుకులిద్దరు ఒప్పుకున్నరు. గని మాట్లాడుకుంటరా? మా నాయిన ముష్తాక్ మేస్త్రిని పిలిస్తె మీ నాయిన నర్సింలు మేస్త్రిని పిలిచిండు. రెండు దిక్కులకెల్లి కోస్తెనే గోడ మంచిగ తెగుతదంట.

మా నాయిన ఏమన్నడు? "ఎడమ మూలకెల్లి నాలుగు ఫీట్లు ఇడిచిపెట్టి కొయ్యమని చెప్పిరా పో" అన్నడు. నేను మీ దిక్కు పోయి నర్సింలుకు అదే చెప్పిన. అక్షరం తప్పలే.

ఇటు నిలబడ్డోని ఎడమ, అటు నిలబడ్డోనికి కుడి అయితదని నాకెట్ల తెలుస్తది? మ్యాథ్స్‌ల నాకెన్నొస్తయో నీకు తెల్వదా?

మిషన్లు రెండు ఒక్కసారే షురూ అయినయి. దుమ్ము అంటె మామూలు దుమ్ము గాదు, పిండి గిర్నీల పడి లేచినట్టయినం. సమ్మెటతోని కొడ్తె ఆడొక బొక్క, ఈడొక బొక్క. నడుమ మిగిలిన ఇటుకలు జరసేపు ఆలోచించి, అవి గూడ కూలినయి.

దుమ్ము తగ్గినంక చూస్తె అటు మీ నాయిన, ఇటు మా నాయిన. ఇద్దరు తెల్లగ. అయిపోయింది, మల్ల ఇటుకలు తెప్పించి మొత్తం మూసేస్తరు, మనం ఇగ రోడ్డు మీదనే మాట్లాడుకోవాలె అనుకున్న. గోడ లేసినప్పటికెల్లి, అంటె నేను ఏడోది చదివినప్పటికెల్లి, మీ నాయిన నాతోని ఒక్క మాట మాట్లాడలే, యాదుందా?

మీ నాయిన అన్నడు, "ఎడమేదో కుడేదో తెల్వదారా నీకు?"

మా నాయిన, "ఎడమచెయ్యోనివి నువ్వు, నన్నడుగుతవా అన్నా?"

అన్నా అన్నడక్కా. నోరు జారింది. అందరం విన్నం. ముష్తాక్ భాయ్ సమ్మెట కింద పెట్టిండు.

అంతల్నే ఇద్దరికి యాదికొచ్చింది, మాట్లాడొద్దని. గింత పెద్దదానికి దర్వాజ ఏడ దొరుకుతది, మూసుడే మంచిదని ఎవరి మేస్త్రితోని వాళ్లు అంటున్నరు.

నానమ్మ వచ్చి ఇటుక ముక్కల మీదనే కూసున్నది. "మూసేటోడు నన్ను దాటి మూయాలె. నా మంచం ఈడ వెయ్యిండ్రి" అన్నది. సరిగ్గ నడుమల. సగం మీ ఇంట్ల, సగం మా ఇంట్ల. ఇప్పుడు తల ఎవరి దిక్కు పెట్టాలె, కాళ్లు ఎవరి దిక్కు అని లొల్లి నడుస్తుంది.

ఏడుపు బొమ్మ పెడ్తవేంది? కండ్లల్ల దుమ్ము పడ్డది నాకు.

ఆగాగు, పిలుస్తున్నరు. "అఖిలేషూ, గీ మంచం ఆ కొస పట్టురా" అంట.

అక్కా, మా నాయిన గొంతు గాదు. మీ నా