పిట్టగోడ మీద చెయ్యి

యాకుత్‌పురాలో ఖాళీగా ఉన్న ఐదంతస్తుల భవనం మీద ఫైర్ సిబ్బందికి తాళ్లతో మనుషుల్ని దించే శిక్షణ జరుగుతోంది. పన్నెండేళ్ల సర్వీసున్న ఫైర్‌మన్ ఆ రోజు బాధితుడిగా పిట్టగోడ అవతల వేలాడుతున్నాడు. పక్క తాడు మీద శిక్షకుడు ఉన్నాడు.

“అన్నా, గోడ ఇడువు. నిన్ను నేను పట్టుకున్న.”

“ఎరుకే సార్. చెయ్యి వస్తలేదు.”

“నువ్వు ఎంతమందిని దించినవ్?”

“తొమ్మిది మందిని. దించుడు వేరే సార్, గిట్ల వేలాడుడు వేరే.”

“ఫికర్ చెయ్యకు. తాడు గట్టిగుంది.”

“నేను గూడ గదే చెప్పిన సార్, పోయినేడు చార్మినార్ కాడ గాజుల దుకాణం అంటుకున్నప్పుడు. పైన ఇంట్ల ఒకామె బాల్కనీ చువ్వ ఇడువలే. మస్తు ఒర్లిన. ఆఖరికి ఒక్కొక్క వేలు గుంజి ఇడిపించిన.”

“బతికిందా?”

“బతికింది. రెండు వేళ్లు ఇరిగినయ్. మొండి మనిషి అనుకున్న, ఇన్ని దినాలు.”

శిక్షకుడు తన తాడు మీద ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

“ఇప్పుడు నీకు నేనేం చెప్పాలె, అన్నా?”

“ఏం చెప్పకుండ్రి సార్. నా చెయ్యి మీద మీ చెయ్యి పెట్టుండ్రి. నేనే ఇడుస్త.”

శిక్షకుడు అలాగే చేశాడు. కొంతసేపటికి ఇద్దరూ మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టారు.