మతిమరుపు వేషం

రిటైరైన నటుడు చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకొచ్చేసరికి భార్యకు ఒళ్లు మండింది.

“ఆ సినిమాలోనూ అచ్చం ఇలాగే పెట్టుకున్నారు. నా దగ్గరా వేషాలు?”

“ఏ సినిమా?”

“మతిమరుపు తాతగా వేశారే, అది! అందులో చివర పాట వినగానే అన్నీ ఠక్కున గుర్తొచ్చేస్తాయి. ఇక్కడేమో అంట్లు తోమమంటేనే మతిమరుపు.”

“నాకన్నీ గుర్తున్నాయి.”

“అలాగా!” ఆమె గుండీలు విప్పి సరిచేయసాగింది. “అయితే నా పేరు చెప్పండి, చూద్దాం.”

సినిమాలో ఈ ప్రశ్నకే వెక్కివెక్కి ఏడ్చిన మనిషి ఇప్పుడు హాయిగా నవ్వాడు.

“భలేదానివే! పెళ్లాన్ని ఎవడైనా పేరు పెట్టి పిలుస్తాడా?”

ఆమె చేతులు గుండీ మీదే ఆగిపోయాయి. నలభై ఏళ్లుగా ఆయన ఆమెను పేరు పెట్టి తప్ప పిలిచి ఎరగడు.