ఖాళీ ఇంట్లో ఏసీ

ఎండ పెళపెళలాడుతున్న మధ్యాహ్నం. ఇంటావిడ చల్లటి కొండ ఊళ్ళో చెల్లెలి దగ్గర హాయిగా ఉంది. ఇంటాయన ఓడ ఉద్యోగం మీద సముద్రంలో ఉన్నాడు. ఇంటి తాళంచెవీ, ఇంటి బాధ్యతా వంటావిడ దగ్గరున్నాయి. మాటలన్నీ ఫోన్లోనే.

"అబద్ధాలాడకు వంటక్కా! నా ఫోన్లో కనిపిస్తూనే ఉంది. హాల్లో ఏసీ పొద్దుట్నుంచీ నడుస్తోంది."

"అబద్ధం ఎందుకాడతానమ్మా? నడుస్తోంది. నేనే వేశాను."

"ఎంత ధైర్యంగా చెబుతున్నావు! ఖాళీ ఇంట్లో ఎవరికి ఏసీ? మీ వాళ్ళందర్నీ తెచ్చి పడుకోబెట్టావా?"

"మావాళ్ళకి ఏసీ పడదు, తుమ్ములే తుమ్ములు. చేపలకి వేశాను. చేపలకీ, తొట్టిలో ఆ రంగురంగుల రాళ్ళకీ."

"అవి రాళ్ళు కాదు, పగడాలు. ప్రాణమున్నవి. సారు వినుంటే గుండె ఆగేది."

"ప్రాణమున్నవనే కదా నేనూ కొట్టుకుంటున్నది! పొద్దున వచ్చి చూద్దును కదా, అద్దానికంటించిన వేడి మీటరు ముప్పై రెండు చూపిస్తోంది. సారు ఓడెక్కేముందు పదిసార్లు చెప్పి వెళ్ళారు, ముప్పై దాటిందంటే ఇంకే పనీ పెట్టుకోవద్దని. తొట్టి కింద చల్లబరిచే మిషను ఉందే, అది చచ్చి కూర్చుంది."

"చిల్లర్ మిషనా? ...చెడిపోయుంటుందిలే. ఎండలకి అన్నీ చెడిపోతాయి."

"మెకానిక్‌ని పిలుస్తాను."

"వద్దు! అంటే... వద్దులే. ఈ రోజుల్లో వాళ్ళు దొరకరు. దొరికినా... వద్దన్నానుగా."

"అందుకే ఏసీ వేశాను మరి. తొట్టి మూత తీసేశాను, లైట్లు ఆర్పేశాను, రెండు టేబుల్ ఫ్యాన్లు నీళ్ళ మీదికి తిప్పాను. ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు తొట్టిలో వేశాను. కంగారు పడకండి, మూతలు గట్టిగా బిగించే వేశాను, లోపలి నీళ్ళు చుక్క కూడా కలవవు. ఇప్పుడు ముప్పైకి దిగింది."

"ఫ్యాన్లు పెడితే నీళ్ళు ఆవిరైపోతాయి. ఆ తగ్గిన నీళ్ళకి ఉప్పునీళ్ళు పోసుంటావు, సముద్రపు చేపలు కదా అని. అయిపోయినట్టే."

"ముప్పై ఏళ్ళుగా గరిటె తిప్పుతున్నదాన్నమ్మా. కూర ఇగిరిపోతే ఇంకాస్త ఉప్పేస్తామా, నీళ్ళు పోస్తామా? ఆవిరైతే నీళ్ళు పోతాయి, ఉప్పు గిన్నెలోనే ఉంటుంది. ఫిల్టర్ నీళ్ళు పోశాను. మంచివి."

"అన్నీ నీకే తెలుసు! మీ ఇంట్లో ఫ్యానే సరిగ్గా తిరగదు, మా చేపలకి ఏసీ వేస్తుందిట."

"మా ఇంట్లో సముద్రం లేదుగా. తెచ్చి పెట్టుకున్నది మీరు."

"ఇదిగో, ఆపేస్తున్నాను."

"ఏం ఆపేస్తున్నారు?"

"ఏసీ. ఇక్కడినుంచే, ఫోన్లోంచే."

"అరె, టక్కున ఆగిపోయిందే! ఏంటమ్మా ఇది, కొండమీద కూర్చుని?"

"నా ఇల్లు, నా ఏసీ."

"సరే. రిమోట్ నా చేతిలో ఉంది. ఇదిగో, వేశాను."

"ఆపాను."

"వేశాను."

"ఆపానన్నానా!"

"నేనూ వేశానన్నాను. సాయంత్రం దాకా నాకింకేం పనిలేదు. ముందు మీ వేలు నొప్పెడుతుందో, నాదో చూద్దాం."

"నాతోనే పంతమా? ఈ ఇంట్లో పని ఉండాలని లేదా నీకు?"

"ఉండాలనే ఉంది. ...మళ్ళీ ఆపారా? ఒక్క నిమిషం. లైన్లోనే ఉండండి."

"ఎక్కడికి? ...వంటక్కా? ...ఏం చేస్తున్నావక్కడ? హలో! ఇదేంటి, నా ఫోన్లో ఏసీ బొమ్మే పోయింది!"

"ఆ మూల మిణుకుమిణుకుమంటూ ఇంటర్నెట్ డబ్బా ఉంది కదా. దాని వైరు పీకేసి, ఏసీ మళ్ళీ వేశాను. ఇప్పుడు నొక్కుకోండి, ఎంతసేపైనా."

"ఎంత పొగరే నీకు! తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చి వెళ్ళిపో. ఇప్పుడే. రేపట్నుంచి రావద్దు."

"రేపట్నుంచి రానులెండి. ఇవాళ మాత్రం కదలను. వాచ్‌మన్‌ని పంపుతారా, పంపండి. లోపల గడియ పెట్టుకున్నాను."

"ఎవరు నువ్వు? ఆ చేపలకి మేనత్తవా?"

"అనుకోండి. నాలుగేళ్ళుగా మేత వేస్తున్నాను. ఆ నారింజ రంగు చారల చేప, నా చెయ్యి కనిపిస్తే చాలు, పైకి ఉరికొస్తుంది. ఇవాళ రాలేదమ్మా. మూల నక్కి మొప్పలు ఎగరేస్తోంది. పగడాలైతే ముడుచుకుపోయి రంగు పాలిపోతున్నాయి. అది చూస్తూ చూస్తూ తాళం వేసుకుని పొమ్మంటారా?"

"పోనీ."

"ఏమన్నారు?"

"పోతే పోనీ అన్నాను! ఎండకి పోయాయంటాం. ఎవరి తప్పూ ఉండదు. ఆయన మాత్రం ఏం చేస్తారు, ఎండని తిట్టుకుంటారు."

"అమ్మా..."

"ఏడాదికి నాలుగు నెలలుంటారు ఇంట్లో. ఆ నాలుగు నెలలూ ఆ అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంటారు. పోయినసారి వచ్చినప్పుడు జుట్టు కత్తిరించుకున్నాను, భుజాల దాకా. వారం రోజులు చూడలేదు మనిషి. పగడం ఒక్క మొగ్గ వేస్తే మాత్రం నిద్రలో నన్ను లేపి మరీ చూపించారు! ఓడమీంచి ఫోన్ చేస్తే మొదటి మాట ఏంటో తెలుసా? 'వేడి ఎంతుంది?' అని. నేనెలా ఉన్నానని కాదు."

"అయితే ఆయన్ని అడగండి. గల్లా పట్టుకుని అడగండి! ఆయన మీది కోపం ఈ చేపల మీద చూపిస్తారేం?"

"నీకేం తెలుసు?"

"తెలీకపోవడమేం? మీ జుట్టు నేను చూశాను కదా. బాగుందన్నాను. ఆ పూట మీరు రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు."

"...అన్నావు. నువ్వొక్కదానివే అన్నావు."

"సారుని రానివ్వండి, మీ పక్కన నిలబడి నేనూ నాలుగు అంటాను. నాకేం భయం? ఎలాగూ పనిలోంచి తీసేశారు. కానీ ఇవేం చేశాయమ్మా మిమ్మల్ని? చంపాలనుంటే మీరే వచ్చి మీ చేత్తో చంపండి, గడియ తీస్తాను. నాచేత మాత్రం చేయించలేరు. మీరు తలకిందులుగా తపస్సు చేసినా చెయ్యను."

"నా చేత్తోనా? నావల్ల కాదు."

"మరి నావల్ల అవుతుందా?"

"అవదులే."

"పెట్టేస్తున్నాను. సీసాలు కరిగిపోయాయి, మార్చాలి."

"ఆగు. ఇప్పుడెంతుంది?"

"ముప్పై పాయింట్ ఆరు. మీరు ఆపిన ఆ కాసేపటికే పెరిగింది."

"ఆ చారలది?"

"మూలనే ఉంది. కదలట్లేదు."

"వంటక్కా... మెకానిక్‌ని పిలవకు."

"మళ్ళీ మొదలెట్టారా! పిలుస్తాను. ఈ ఏసీ ఒక్కటీ ఎంతసేపు లాగుతుంది? దొరక్కపోతే వాడి ఇంటికే పోయి లాక్కొస్తాను."

"అక్కర్లేదు. వాడేం చెయ్యలేడు. చిల్లర్ చెడిపోలేదు. నిన్న బయల్దేరేముందు నేనే దాని వైరు పీకి నా పెట్టెలో పెట్టుకొచ్చాను. మన రైస్ కుక్కర్ వైరు దానికి సరిగ్గా పడుతుంది, పరిగెత్తి వెళ్ళి పెట్టు."