చుట్టలో చుట్టం

హలో… ఆ, నేనేనమ్మా. నాన్నని.

…లేదు లేదు, ఏం కాలేదు. నేను ఫోన్ చేస్తే ఏదో ఒకటి అయినట్టేనా?

…అవుననుకో. రోజూ మీ అమ్మ మాట్లాడటం, చివర్లో నేను "ఆ, బానే ఉన్నా" అని పెట్టేయడం. ఆ ఒక్క ముక్క కూడా మీ అమ్మే అనేస్తే సరిపోయేది, ఇన్నాళ్లూ.

…అమ్మకివ్వకు. నీకే చేశా. పడుకునే ఉన్నావా?

…కూర్చున్నావా. వీపు వెనక దిండు పెట్టుకున్నావా? …సరే.

…తిన్నాలే. నేనే వండుకున్నా. మీ అమ్మ నీ దగ్గరికొచ్చాక ఇంట్లో గిన్నెలన్నీ ఒకే రంగుకొచ్చాయి. దేంట్లో వండానో దేంట్లో మాడ్చానో నాకే తెలియడం లేదు. వచ్చాక తిడుతుంది. తిట్టనీ.

…చెప్పింది. మధ్యాహ్నం చెప్పింది మీ అమ్మ. రేపు ఆఫీసుకి వెళ్తానన్నావట.

…ఆ. …ఒక్కరోజే. …కారులో వెళ్లి కారులో వచ్చేస్తావు. …ఆ. …డాక్టరమ్మకి చెప్పకుండా. …ఆ. …నేనేమన్నా అన్నానా తల్లీ? నేను చేసింది దాని గురించి కాదు.

…ఒట్టు. పని మీద చేశా. క్వారీలో నీతో పని పడింది.

…నవ్వకు. నీకు కొండచిలువ తెలుసుగా?

…అదేలే, పైథాన్ అంటారే, కంప్యూటర్లో నువ్వు రాసేది. భాష. నువ్వు చెప్పిన రోజే అర్థమైంది నాకు. …అర్థమైనట్టు తలూపాను, అంతే అనుకో. మర్నాడు క్రేన్ డ్రైవరు దగ్గర గొప్పలు పోయా, మా అమ్మాయి కొండచిలువ చేత లెక్కలు చేయిస్తుందని. వాడు అది మర్చిపోలేదు. ఇవాళ పట్టుకున్నాడు నన్ను. "బాబాయ్, మీ అమ్మాయి జీతం తెచ్చుకునేది దాంతోనేగా, ఫోన్ కొట్టు" అని.

…ఎందుకంటే, వచ్చింది కాబట్టి. అసలుది. పంపు షెడ్డులో ఉంది.

…నిజం. నేను షెడ్డు బయట, కిటికీ పక్కన నిలబడ్డా. లోపల అది.

…ఏం చెయ్యలేదు నన్ను. నేనే చేశా దాన్ని.

…చెప్తా, నవ్వనంటేనే. …సరే, నవ్వుకో. మీ అమ్మకి మాత్రం చెప్పకు.

రాత్రి వానకి గుంట నిండింది. నీళ్లు తోడితే గానీ రాయి కొట్టే మిషను దిగదు. నాకా పంపు పని. లావు పైపు కావాలి — గుర్తుందా, చిన్నప్పుడు నిన్ను దాని చుట్టలో కూర్చోబెడితే నువ్వు కనిపించేదానివి కాదు? నల్లగా, నా తొడంత లావు. ఇక్కడందరూ దాన్నే కొండచిలువ అంటారు. "కొండచిలువని పట్రా", "కొండచిలువకి మూతి బిగించు" — ఇదీ మా భాష.

…ఆ. పోయిన వానాకాలం నేనే చుట్టి డ్రమ్ముల వెనక పెట్టా. ఇవాళ వెళ్లి చూస్తే చుట్ట చాలా అందంగా ఉంది. మెట్టుమెట్టుగా, బిగువుగా. మురిసిపోయా. పైకే అన్నా కూడా — ఆహా, పనంటే ఇదీ, ఇప్పటి కుర్రాళ్లకి ఎక్కడొస్తుంది ఇలా చుట్టడం అని.

…ఆ. దాన్నే.

…ఆగు, అయిపోలేదు. రెండు చేతులూ వేసి కావలించుకున్నా, ఎత్తుదామని. వెచ్చగా ఉంది. ఎండ తగలని మూల రబ్బరు వెచ్చగా ఎందుకుంటుంది? అదీ ఆలోచించా, చెంప ఆనించి మరీ. ఈలోగా పైపు ఒళ్లు జలదరించింది.

…ఎలా వచ్చానో తెలీదు. వచ్చేశా. ఒక చెప్పు నాతో వచ్చింది. రెండోది అక్కడే ఉంది, దాని పక్కన. కాపలా పెట్టినట్టు.

…నవ్వు, నవ్వు. మెల్లగా నవ్వు, పొట్ట కదిలేట్టు కాదు. …మీ అమ్మ ఏమంటోంది? …నేను ఫోన్లో ఉన్నానని చెప్పు. నమ్మదులే.

సరే, ఇప్పుడు పని. నా పైపు చుట్ట మధ్యలో చేరింది అది. కింద తెల్లగా గుడ్లు కనిపిస్తున్నాయి. సూపర్‌వైజరేమో గడ్డపార పెట్టి లేపి అవతల పారెయ్యమంటాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డా.

…ధైర్యమా, పాడా. ఒంటి చెప్పుతో కంకర మీద నడవలేక నిలబడిపోయా. వాళ్లు వేరేగా అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చా.

…అటవీ ఆఫీసుకి చేశాం. ఇవాళ మనుషులు లేరట, రేపొస్తారట. ఈ సూపర్‌వైజరుకి ఈ సాయంత్రమే తేలాలి. గుడ్లు పగలకుండా పైపు లాగొచ్చా, లాగకూడదా — అది చూసి చెప్పు. కంప్యూటరు దగ్గర్లో ఉందా? …లేవకు! అమ్మని అందివ్వమను.

…ఆ, ఉన్నా.

…ఏమొచ్చింది? …భాషా. …ఇంకా భాషే. …కిందకి వెళ్లు. …తుపాకీనా? తుపాకీకి కూడానా ఆ పేరు? …క్షిపణి. అదెక్కడ పేలుతుందో. …ఇంకా? …రైలా! ఎగ్జిబిషన్లో తిరుగుతుందే, అదా?

…మర్చిపోతానా. నువ్వేమో ఇంకోసారి ఎక్కుదామని ఏడుపు, నేనేమో తిన్నదంతా ముందు సీటాయన చొక్కా మీద. నాలుగు వీధులకీ చెప్పావు కదే నువ్వు. మీ మేనమామ ఇప్పటికీ నన్ను చూస్తే చొక్కా సర్దుకుంటాడు.

…చూశావా మరి. ఇన్నిటికి పేరు అరువిచ్చి, పాపం అది మాత్రం నా రబ్బరు గొట్టంలో తలదాచుకుంది.

…దొరికిందా? పామేనా? …చదువు.

…ఆ. …అంత పొడుగు ఉండదు, కొంచెం తక్కువ. …విషం లేదు, అది నాకూ తెలుసు. తెలిసీ పరిగెత్తా. …ఏంటీ? భయపెడితే తిన్నది కక్కేసి పారిపోతుందా? …ఆ, అంటావని తెలుసు. అయితే ఆ రైల్లో నేను నా జాతి ధర్మమే పాటించాను.

…కిటికీలోంచి కనిపిస్తోంది. తల చుట్ట మీద పెట్టింది. ఎటూ చూడటం లేదు. భోజనం చేశాక నేను కూర్చునేట్టే ఉంది. నన్ను ఇక్కడ కొండచిలువ అనేది ఊరికే కాదులే. తింటాడు, పడుకుంటాడు, నోరు విప్పడు. మొదట పెట్టింది మీ అమ్మే. క్రేన్ డ్రైవరు దాన్ని ఊరంతా పంచాడు.

కానీ అమ్మా, ఒకటి. దీనికి ఒంట్లో బాగాలేదేమో. నిలబడినప్పట్నించీ చూస్తున్నా. వణుకుతోంది. ఉండుండి ఒళ్లంతా జలదరిస్తోంది, చలిజ్వరం వచ్చినట్టు. కాసేపు ఊరుకుంటుంది, మళ్లీ. నన్ను చూసి భయమేమో. కావలించుకున్నది నేనాయె.

…చూడు. తొందరేం లేదు.

…

…ఆ, వినిపిస్తోంది. …కాదు, మళ్లీ చదువు, క్రేను చప్పుడు చేస్తోంది.

…తల్లి. …గుడ్ల చుట్టూ. …వణికి వేడి పుట్టిస్తుందా? కావాలనే?

…ఓహో.

…అందుకా వెచ్చగా ఉంది.

…మరి తిండి? …అస్సలా? …ఎప్పుడన్నా నీళ్లకి కదిలితే కదలడం. …ఎన్నాళ్లూ?

…రెండు నెలలా.

…

…చిట్టీ? …ఉన్నావా?

…సరే. …సరే, ఉండు. నాకేం తొందర లేదు. చెప్పు లేకుండా ఎక్కడికి పోతాను.

…

…నేనేమీ అనలేదమ్మా. నువ్వే చదివావు.

…తెలిసి చేశానా? నాకేం తెలుసే! తిని పడుకుంటుందనే తెలుసు. ఇన్నేళ్లూ ఆ పేరు పెట్టారని లోపల కాస్త గుర్రుగా ఉండేది. ఇప్పుడు చూస్తే ఆ పేరుకి నేనే తగను. అది పడుకుని పని చేస్తోంది. నేను పని చేస్తూ పడుకుంటున్నా.

…ఊఁ.

…ఊరికే పడి ఉన్నట్టుందా నీకు. …ఊఁ. …అంతా నువ్వు రాసిందే, రేపు ఆఫీసులో వేరేవాళ్లు నిలబడి చూపిస్తారు. …పేరు వాళ్లకి పోతుందంటావు. …పోతే పోనీవే. నా పేరు చూడు, ఎంత వదిలించుకుందామన్నా పోవడం లేదు.

…ఆ, నవ్వావు. ముక్కు తుడుచుకో.

…

…పోయినసారి సంగతి ఇప్పుడెందుకు.

…కడుపు పోయింది నువ్వు నడిచినందుకు కాదమ్మా. డాక్టరమ్మ నీ ముందే చెప్పిందిగా. నేను తలుపు దగ్గరే ఉన్నా. విన్నా.

…

…పడుకున్నా ఈసారి నిలుస్తుందని ఏంటి నమ్మకం, అంటావు.

…నాకు తెలీదు. …తెలీదు తల్లీ. నేను చెప్పగలిగేది ఉంటే ఈపాటికి చెప్పేవాణ్ణి. …దానికి మాత్రం తెలుసా, ఆ గుడ్లలో ఎన్ని పిల్లలవుతాయో, ఎన్ని కావో. చుట్టుకుని కూర్చుంది. అంతే.

…ఊఁ.

…ఏడు. పర్లేదు. నేను వింటున్నా. నాకొచ్చింది అదొక్కటేగా.

…

…ఏంటమ్మా? …ఇంకా చదివావా? …గుడ్లు కదపకూడదు. …పొర్లించినా పోతాయి. అంటే పైపు లాగకూడదన్నమాట. …ఆ, అదే అడిగా. నువ్వు చెప్తే చాలు.

ఒక్క నిమిషం. సూపర్‌వైజరు వస్తున్నాడు. పెట్టెయ్యకు.

…సార్. లేదు సార్, ఈ పైపు రాదు. …రాదంటే రాదు సార్. రెండు నెలలు. …నేను కాదు, మా అమ్మాయి చెప్పింది. …ఆ, కంప్యూటర్లో చూసే చెప్పింది. కొండచిలువ మీదే సార్ ఆవిడ ఉద్యోగం. …పాత పైపు ఉంది, తుక్కులో. ట్యూబు ముక్కలు చుట్టి బిగిస్తా. …కారుతుంది. కారిన చోట నేను పట్టుకు కూర్చుంటా. …ఊరికే కూర్చోవడం నాకు బాగా వచ్చు సార్, మీరే అంటుంటారుగా. …ఆ. …ఆ, ఆ గడ్డపార ఇటివ్వండి సార్, నా దగ్గర ఉంటుంది.

…హలో. ఉన్నావా?

…విన్నావా? …ఏం గట్టిగా, నాలిక పిడచకట్టింది. …ఒప్పుకున్నాడు. గొణుక్కుంటూ పోయాడు. పొద్దున్నే గుంట ఖాళీ అవ్వాలన్నాడు. అవుతుంది.

…నిజమేనే. ఇంత మాట్లాడటం పుట్టాక ఇదే మొదలు. రేపు దవడలు నొప్పి పుడతాయేమో.

…ఏంటి? …రోజూనా? రోజూ ఫోన్ చేసి ఏం చెప్పను?

…కదల్లేదని చెప్పాలా. అంతేనా? అదైతే చెప్పగలను. …పిల్లలు బయటికొచ్చినప్పుడు ఫోటో? ఈ ఫోన్లో నా బొటనవేలు తప్ప ఇంకేదీ పడదు. సరే, క్రేన్ డ్రైవరు చేత తీయిస్తా.

…మరి నువ్వేం చెప్తావు నాకు?

…

…ఆ?

…ఆఫీసుకి చెప్పేస్తావా. …ఇప్పుడే. …ఊఁ. …మంచిది.

  

…సరేనమ్మా. ఆ దిండు తీసేసి పడుకో. మీ అమ్మకి చెప్పు, నేనే ఫోన్ చేశానని, అంతా నేనే మాట్లాడానని. నమ్మకపోతే క్రేన్ డ్రైవరు సాక్షి అని చెప్పు. ఇందాకట్నించీ ఇక్కడే నిలబడి వింటున్నాడు వెధవ… ఒరేయ్, కళ్లు తుడుచుకుని పోయి ట్యూబు ముక్కలు పట్రా, పో.

…ఆ, ఉంటా మరి. ఉంటానమ్మా.

…

…అబ్బా, దీన్ని ఎక్కడ నొక్కాలో…

…

…ఆ చెప్పు నీ దగ్గరే ఉంచుకోవే. నాకేం తొందర లేదు. …ఊఁ, మళ్లీ వణుకుతున్నావా. తాళం వేసి పోతా, ఎవరూ రారు. నువ్వలా పడుకో తల్లీ. నేను బయటే ఉంటా.

…

…హలో? ఇంకా ఉన్నావా నువ్వు?

…కాదమ్మా, నీతో కాదు. దాంతో అన్నా.

…

…సరే. నీతో కూడా.