రెండో గంట మోగేదాకా

అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ టెలేసియా గారికి, ముందు చాపల మీద కూర్చున్న ఊరి పెద్దలకు, పాస్టరు గారికి, నా పాత జట్టువాళ్ళకు, పూలదండల్లో గడ్డం దాకా మునిగిపోయిన మా కోచ్ లఫాయెలే గారికి, అందరికీ తలోఫా.

నన్ను అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. నేను అంతకంటే ఎక్కువే మాట్లాడతాను, కారణం చివర్లో చెబుతాను. (వెనకనుంచి ఒక గొంతు: "పంది మాంసం చల్లారిపోతోందిరా సెఫో!") చల్లారనీరా ఇయోసెఫా! నువ్వు ఆ రోజుల్లోనూ బంతి వెనకాల కంటే పొయ్యి వెనకాలే ఎక్కువ పరిగెత్తావు. (నవ్వులు)

కోచ్ గారు ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఈ బడిలో పగలు లెక్కలు చెప్పారు, సాయంత్రం అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పారు, ఇవాళ్టితో రిటైరవుతున్నారు. గెలిచిన కప్పుల సంగతి ప్రిన్సిపాల్ గారు చెప్పేశారు. నేను చెప్పేది మన ప్రార్థన గంట సంగతి.

పధ్నాలుగేళ్ళప్పుడు మనూఆ దీవులనుంచి పడవలో వచ్చి మా అత్త ఇంట్లో దిగాను. అత్త కడుపునిండా పెట్టేది, ఒక్క మాట అనేది కాదు. అయినా సాయంత్రం ప్రార్థనకి ఇంటిల్లిపాదీ గుండ్రంగా కూర్చున్నప్పుడు నాకోసం ఎవరూ జరిగేవారు కాదు. నేను వెనక స్తంభానికి ఆనుకుని కూర్చునేవాణ్ణి. రోజంతా ఎలాగో గడిచేది గానీ ఆ కాసేపూ మా అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చేది.

అందుకని ఒక ఎత్తు వేశాను. మన ఊళ్ళో ప్రార్థన గంటగా వేలాడదీసిన ఆ ఖాళీ గ్యాసు సిలిండరు మీద సాయంత్రం మొదటి దెబ్బ పడ్డాక, ఇళ్ళల్లో ప్రార్థనలు ముగిసి రెండో గంట మోగేదాకా ఎవరూ రోడ్డెక్కకూడదు కదా. అప్పటికి మైదానంలోనే చిక్కుకుపోతే సరి! ఆ రోజునుంచీ భుజాల ప్యాడ్లు విప్పుకోవడానికి నాకు అరగంట పట్టేది.

కోచ్ గారు సంచి దగ్గర నిలబడి బంతులు లెక్కపెట్టేవారు. "పదకొండే ఉన్నాయేంట్రా? ఉండు, మళ్ళీ చూస్తాను." ఈలోగా గంట మోగేది. "చూశావా, నీ నత్తనడకతో నన్నూ ఇరికించావు. కూర్చో!" గడ్డిలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళం. ఆయన ప్రార్థన చెబితే నేను ఆమెన్ అనేవాణ్ణి. అలా నాలుగేళ్ళు. ఆయన్ని భలే బోల్తా కొట్టిస్తున్నానని లోలోపల మురిసిపోయాను.

ఇదే బడిలో మాస్టారినై, ఆయనకు సహాయకుడిగా చేరాక అసలు సంగతి బయటపడింది. వాళ్ళ ఇల్లు మైదానం గట్టు మీదే, రోడ్డు దాటే పనే లేదు. ఆయన భార్య సినా గారే చెప్పారు: "ఆ మనూఆ పిల్లాడు ఒక్కడే ఉంటాడని నాలుగేళ్ళు నన్ను ఒక్కదాన్నీ వదిలేశాడయ్యా ఈయన!" అయినా లెక్కల మాస్టారికి పన్నెండు బంతులు లెక్కపెట్టడం రాదా? ఆ మాత్రం నాకెందుకు తట్టలేదో! (నవ్వులు)

సినా గారు పోయి ఏడాదయింది. మొన్న మంగళవారం సామాన్ల గదికి తాళం వేసి వస్తూ చూశాను. పిల్లలంతా వెళ్ళిపోయారు. కోచ్ గారు ఒక్కరే నిలబడి బంతులు లెక్కపెడుతున్నారు. పన్నెండూ అయ్యాయి. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. గట్టు మీద ఇంట్లో దీపం లేదు. గంట వేళవుతోంది, ఇంట్లో నా పిల్లలు ఎదురుచూస్తుంటారని నేను బండెక్కాను.

కోచ్, ఆ రోజు మిమ్మల్ని చూశాను. చూసీ వెళ్ళిపోయాను. ఇంట్లో ప్రార్థన అయ్యాక మా చిన్నది "నాన్నా, నువ్వు ఆమెన్ అనలేదేం?" అంది.

సోమవారం నుంచి ఆ సంచి నా చేతికొస్తుంది. నేను చరిత్ర మాస్టారిని, నాకు లెక్కలు రావు. ఆ మాట నాలుగేళ్ళు నా మార్కుల కార్డు మీద రాసింది ఆయనే. (నవ్వులు) ఆ పన్నెండూ సరిచూడటానికి రోజూ సాయంత్రం నాకో మనిషి కావాలి, కోచ్.

(బయట గంట మోగింది.)

అదిగో! ఎందుకింత సాగదీశానో అర్థమైందా ఇయోసెఫా? ఇక ఎవరూ రోడ్డెక్కడానికి లేదు. (కోచ్: "ఒరేయ్, నీ నత్తనడక ఇంకా మానలేదురా!") మానలేదు, కోచ్.

వచ్చినవారందరికీ కృతజ్ఞతలు. సెలవు మాత్రం రెండో గంట మోగాకే తీసుకుంటాను. కోచ్, కాస్త జరగండి. పక్కన కూర్చుంటాను.