గేజి సూది

సామాన్ల గదిలో నేల మీద కూర్చుని బావ పనిముట్లు సంచిలో సర్దుతున్నాడు. తెల్లారితే బాయిలరు సర్టిఫికెట్ ట్రైనింగుకు వెళ్లవలసిన బామ్మర్ది గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“ఈ ప్రెషర్ గేజి కూడా పట్టుకెళ్లరా. అక్కడా ఉంటాయిలే గానీ, చేతికి అలవాటైనది వేరు.”

“వద్దు బావా. అది నీది.”

“నాకెందుకిక? సర్టిఫికెట్ లేనివాడు వచ్చే ఏడు నుంచి బాయిలరు ముట్టుకోకూడదన్నారుగా. కుళాయిలు బిగించుకునేవాడికి గేజి ఎందుకు, గొడుగు చాలు.”

“నవ్వు రావట్లేదు.”

“అక్క నీ స్వెట్టరు ఉతికి ఆరేసింది. ఆరిందో లేదో చూసుకో.”

“నేను వెళ్లను బావా.”

“మొదలెట్టాడు.”

“నువ్వు వెళ్లాల్సింది.”

“ఎవరన్నారు? ఒక్క సీటు, మనిద్దరం. ఎవర్ని పంపాలో తేల్చుకోలేక మేనేజరు నాన్చుతూ కూర్చున్నాడు. మనం పైపులేసిన మేడ కింది వాటాలో ముసలమ్మ ఇంట్లో కప్పు తడిసి ఊడి మంచం మీద పడింది. దాంతో తేలిపోయింది.”

“ఆ టైముకి ఆవిడ మంచం మీద లేదు కాబట్టి సరిపోయింది.”

“ఊఁ.”

“ఉండి ఉంటే...”

“లేదుగా. ఎన్నిసార్లంటావ్?”

“కారిన ఆ మేడ మీది వేడినీళ్ల రేడియేటరు జాయింటు నువ్వు బిగించింది కాదు.”

“మేనేజరు అడిగితే నాదేనన్నాను. అయిపోయింది.”

“నేనూ అక్కడే ఉన్నాను. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను, నోరు పెగల్లేదు.”

“కూర్చో ముందు.”

“అది నాదని నీకు తెలుసా?”

“నేనైతే రెంచికి గుడ్డ చుట్టి బిగిస్తాను, ఇత్తడి మీద గీత పడదు. దాని మీద గాట్లు కుక్క కరిచినట్టున్నాయి. తెలియకేం?”

“తెలిసీ నెత్తినేసుకున్నావా?”

“ఆ స్క్రూడ్రైవరు ఇటివ్వు.”

“బావా.”

“ఇవ్వమన్నానా.”

“అక్క పలకరిస్తుంటే తలెత్తలేకపోతున్నాను. పొద్దున్నే మేనేజరుకి చెప్పేస్తాను.”

“చెప్పకు.”

“చెప్తాను. పని నేర్పినవాడి నోటి దగ్గర ముద్ద లాక్కుని ఏం బాగుపడతాను?”

“చెప్పొద్దన్నానా.”

“నువ్వింత మంచివాడివి కాకపోయినా బాగుండేది.”

“ఆ మాట అనకు.”

“ఎందుకనకూడదు? సొంత అన్న కూడా...”

“అనకన్నానుగా. అదిగో, ఆ గేజి ఇలా తే.”

“ఇందాక పట్టుకెళ్లమన్నావు.”

“ఆ జాయింటు బిగించిన సాయంత్రం నువ్వు ముందు వెళ్లిపోయావు. గుర్తుందా?”

“ఉంది. లైనుకి ప్రెషరు టెస్టు నువ్వు పెడతానన్నావు.”

“పెట్టాను.”

“గేజి సూది కదల్లేదు, ఎక్కడా కారట్లేదు, లైను బాగుంది అన్నావు.”

“అన్నాను.”

“మరి?”

“కదిలింది.”

“ఏంటి?”

“దిగుతూనే ఉంది. పైపంతా తడిమాను. నీ జాయింటు దగ్గరే.”

“అయితే నాకొక్క మాట చెప్తే వచ్చి బిగించేవాణ్ణిగా. నువ్వైనా బిగించేవాడివిగా.”

“బిగించేవాణ్ణే. రెంచి చేతిలోనే ఉంది.”

“మరెందుకు...”

“కప్పు కాస్త తడిస్తే నీకు చెడ్డపేరొస్తుంది, సీటు నాకొస్తుంది అనుకున్నాను. గేజి విప్పి సంచిలో వేసుకుని, లైనుకి నీళ్లు వదిలి వచ్చేశాను.”